మనోళ్లు ఎట్లయితరు?

గూడూరు అంటే చాలామందికి నెల్లూరు వైపున్న రైల్వే జంక్షన్ గుర్తొస్తుంది. మేం చెబుతున్నది ఆ గూడూరు కాదు. మహబూబాబాద్ నుంచి నర్సంపేట పోయే దారిలో ఉన్న మా గూడూరు. చుట్టూ తండాలు, కోయగూడేలు, పత్తి చేన్లు. వాటి వెనక కొత్తగూడ, గంగారం అడవి. ఇక్కడి బడి పిల్లల్లో ఫుట్‌బాల్ ఆడేవాళ్లు తక్కువే. కబడ్డీ, వాలీబాల్, ఖోఖో ముందు, క్రికెట్ అందరికన్నా ముందు. అయినా ఒక సాయంత్రం గ్రౌండులో నీలం, తెలుపు చారల అంగీ వేసుకుని, వీపు మీద పది నంబరుతో ఒక పిల్లవాడు మాకు ఎదురుపడ్డాడు.

"ఏ టీమురా నీది?" అని అడిగాం.

"అర్జెంటీనా సార్."

"ఎందుకు?"

"అన్నకు చిన్నగైంది. నాకిచ్చిండు."

నవ్వాం. వాడు కూడా నవ్వాడు. 2022 డిసెంబర్ 18న ఖతార్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్ గురించి మాత్రం వాడికి అంతా తెలుసు. ఫ్రాన్స్‌తో 3-3 దగ్గర ఆగిపోవడం, ఆ తర్వాత పెనాల్టీల్లో అర్జెంటీనా 4-2తో గెలవడం వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. ఆ దేశం మ్యాపులో ఎక్కడుందో చూపించమంటే చూపించలేకపోయాడు.

ఇంటికి పోతూ మాలో మేం అనుకున్నాం. వాణ్ణి చూసి ఎందుకు నవ్వినట్టు? మన టీములు మనకెట్లా వచ్చాయి?

ఈ వ్యాసం రాస్తున్న మేం ముగ్గురం. ముగ్గురం బడిలో పాఠం చెప్పేవాళ్లమే. మాలో కోయలున్నారు, లంబాడాలున్నారు. ఆ రోజు ఒకరి తర్వాత ఒకరం ఒప్పుకున్నాం. ఒకరు 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచి తెలుగు టైటాన్స్ మనిషి. పేరులో 'తెలుగు' ఉందన్నదే కారణం. ఆ జట్టుకు పేరు తెచ్చిన మొదటి పెద్ద రైడర్ రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ వాడు. ఇంకొకరు బ్రెజిల్. అదే 2014లో సొంత గడ్డ మీద జర్మనీ చేతిలో బ్రెజిల్ 7-1తో ఓడిన తెల్లవారుజామున, టీవీలో వాళ్ల జనం ఏడుస్తుంటే చూసి, ఆ ఏడుపుతో బ్రెజిల్ వారైపోయారు. గెలుపు చూసి చేరిన మనిషి కాదు, ఓటమి చూసి చేరిన మనిషి. మూడోవారికి గురుకులమే టీము. ప్రవేశ పరీక్ష రాస్తే సీటు ఎక్కడ వస్తే అక్కడికి పోవాలి. ఆ ఊరు అంతకుముందు పేరు కూడా వినలేదు. చేరిన మూడు నెలలకే జోనల్ క్రీడల్లో ఆ బడి పేరు పట్టుకుని గొంతు పోయేదాకా అరిచారు. సీటు ఇంకో ఊళ్లో వచ్చి ఉంటే ఇంకో పేరు అరిచేవారు. అంతే తేడా.

అంగీ పాతదై తమ్ముడికి రావడం, పేరులో ఒక మాట, ఒక తెల్లవారుజాము, ఒక సీటు. మాలో ఒక్కరూ పది జట్లను ముందు పెట్టుకుని, మంచిచెడ్డలు తూచి, ఇదీ నా జట్టు అని ఎంచుకోలేదు. ఎవరూ అట్లా ఎంచుకోరేమో.

మా జిల్లా సంగతే చూడండి. 2016 అక్టోబర్ దాకా మేం వరంగల్ జిల్లా. 'వరంగల్' అని అరిచి చప్పట్లు కొట్టినవాళ్లం. కొత్త జిల్లాలు రాగానే మహబూబాబాద్ వాళ్లమయ్యాం. నిన్నటిదాకా మనోళ్లయిన పిల్లలు ఎదుటి కోర్టులో నిలబడ్డారు. మొదటి ఏడాది అరవడానికి నోరు తడబడింది. రెండో ఏడాది తడబడలేదు. ఒక సర్కారు ఉత్తర్వు మన గుండెను ఇంత తొందరగా తిప్పుతుందా అని ఇప్పుడు ఆశ్చర్యపోతున్నాం.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లున్నారు. 1970ల మొదట్లో హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో బడిపిల్లలను రెండు గుంపులు చేశాడు. ఇద్దరు చిత్రకారుల బొమ్మల్లో ఎవరికి ఏవి నచ్చాయో దాన్నిబట్టి విడదీస్తున్నామని పిల్లలకు చెప్పారు. నిజానికి ఏ లెక్కా లేకుండానే విడదీశారు. తన గుంపులో ఇంకెవరున్నారో కూడా పిల్లలకు తెలియదు. అయినా డబ్బు పంచమంటే, ముఖం తెలియని తన గుంపువాడికే ఎక్కువ పంచారు. మనోడు అనుకోవడానికి మనిషికి ఇంత చిన్న సాకు చాలు.

అయితే కారణం లేని అభిమానం ఉత్తదేనా? ఇక్కడ తొందరపడి అవునని అనలేం. ఎందుకంటే మనకు అన్నిటికన్నా దగ్గరివి ఏవీ మనం ఎంచుకున్నవి కావు. కోయ పిల్లవాడు తన గట్టును ఎంచుకోడు. లంబాడా పిల్ల తన గోత్రాన్ని ఎంచుకోదు. ఇలవేల్పును ఎవరూ తూచి తెచ్చుకోరు. గంగారం మండలం పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు జాతరకు మేడారం బయలుదేరినప్పుడు, పూజారులు అడవి దారిన కాలినడకన పోతారు. 'ఈ దేవుడే ఎందుకు' అని వాళ్లను అడిగితే ఏం చెబుతారు? మా తాత నడిచిండు, మా నాయిన నడిచిండు, మేం నడుస్తున్నం అంటారు. పుట్టుక ఇచ్చింది దేవుణ్ణి మాత్రమే. ఆ దేవుణ్ణి తమవాణ్ణి చేసుకున్నది నడక. మోసిన బరువు, పొక్కిన కాళ్లు, తరాల తరబడి తప్పని మాట.

టీము కూడా కొంత అంతేనని మాకనిపిస్తుంది. యాదృచ్ఛికంగా వస్తుంది. వచ్చిన తర్వాత మనం ఏం మోశాం అన్నదాన్నిబట్టి మనదవుతుంది, లేకపోతే పాత అంగీలాగే మూలకు పోతుంది.

చరిత్రలో ఇట్లా మోసినవాళ్లు ఉన్నారు. 1911 జూలై 29న కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే తెల్ల సైనికుల జట్టును 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డు గెలిచింది. పదకొండు మందిలో పదిమంది ఉత్త కాళ్లతో ఆడారు. ఆ రోజు గ్రౌండు చుట్టూ ఉన్న జనం బంతిని మాత్రమే చూడలేదు. తమను ఏలుతున్నవాడు కూడా ఓడిపోగలడని చూశారు. అదే నగరంలో 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు, దేశ విభజన తర్వాత ఊరూ ఇల్లూ వదిలి వచ్చిన తూర్పు బెంగాల్ కుటుంబాలకు ఆసరా అయింది. పోయిన ఊరి పేరు జట్టు పేరులో మిగిలింది. భూమి పోగొట్టుకున్నవాడికి పేరు ఎంత విలువైనదో మన గూడేలకు వేరే చెప్పాలా?

మన తెలంగాణకూ ఆ చరిత్ర ఉంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. ఉపాధ్యాయ మిత్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆయన చేతి కింద భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. జకార్తాలో ఆ రోజు స్టేడియమంతా భారత్‌కు ఎదురు తిరిగి గోల చేసింది. అంత గోలలో భారత్ కోసం అరిచినవాళ్లు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని ఆనాటి కథనాలు చెబుతాయి. హాకీలో మనకు అంతకన్నా గట్టి పోటీదారు లేరు. కానీ ఆ పూట వాళ్లు మనోళ్లయ్యారు. మనోళ్లు అనే గీత గోడలాంటిది కాదు. చాక్‌పొడితో గీసినది. మనిషి కావాలనుకుంటే దాటగలడు.

ఇక ఈ కాలం జట్ల సంగతి. ఇక్కడ తమ్ముళ్లు, చెల్లెళ్లు కొంచెం ఆగి ఆలోచించాలి. డెక్కన్ చార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచింది. మన దగ్గర ఎందరో ఆ జట్టు పేరు గోడల మీద రాసుకున్నారు. 2012లో ఆ జట్టు రద్దయింది. 2013 నుంచి సన్‌రైజర్స్ వచ్చింది. జనం ఆ అంగీ విప్పి ఈ అంగీ వేసుకున్నారు. ఫుట్‌బాల్‌లో ఇంకా వింత. పుణె జట్టు మూతపడితే దాని చోట్లో 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. గచ్చిబౌలిలో ఆ జట్టు కోసం డోలు కొట్టిన కుర్రాళ్లు ఉన్నారు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. పుణె నుంచి ఊడి మనకు చిక్కిన జట్టు, మన నుంచి ఊడి ఢిల్లీకి చిక్కింది.

అప్పుడు డోలు కొట్టినవాడు ఏం కావాలి? కంపెనీకి లైసెన్సు ఉంది, అమ్ముకునే హక్కు ఉంది. డోలు వాడికి ఏ కాగితమూ లేదు. పట్టా లేని పోడు రైతులాగే వాడిది దున్నుకున్న హక్కు మాత్రమే. ఇందులో తప్పు డోలు వాడిది కాదు. అయితే మనం ఒకటి తెలుసుకోవాలి. అమ్మకానికి ఉన్న జట్టు మీద ప్రేమ పెంచుకోవచ్చు. కానీ ఆ ప్రేమంతా అక్కడే పోసి, పక్కనే మన ఆశ్రమ పాఠశాల పిల్లలు ఐటీడీఏ క్రీడల్లో ఆడుతుంటే గట్టు మీద పదిమంది కూడా లేకపోవడం ఏం న్యాయం? వాళ్లను ఎవరూ అమ్మలేరు. వాళ్లు ఢిల్లీ పోరు.

ఇంకొక మాట బెట్టింగ్ గురించి. ఫోనులో పందెం కాసి 'నా టీము' అనేవాడికి టీము లేదు. వాడు తన డబ్బు పక్షాన ఉన్నాడు. రేపు ఎదుటి జట్టు మీద కాస్తే ఎదుటి జట్టే వాడి టీము. ఆ పందేలు ఎన్ని ఇళ్లను అప్పుల్లో ముంచాయో తండాల్లో అందరికీ తెలుసు. ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. ఈ వ్యాసం రాయడానికి కారణం అర్జెంటీనా అంగీ కాదు.

ఈ మధ్య ఒక పోటీకి పిల్లలను తీసుకుపోయాం. ఏ ఊరు, ఏ బడి అన్నది అవసరం లేదు. వాన పడి గ్రౌండు జారుడుగా ఉంది. మా గోల్‌కీపర్ మొదటి సగంలో మూడు గట్టి బంతులు ఆపాడు. గట్టు మీద మా పిల్లలు "మనోడురా! మనోడు!" అని ఎగిరారు. రెండో సగం చివర ఒక మెల్లని బంతి వాడి చేతుల్లోంచి జారి వెనక్కి పోయింది. ఒక గోల్‌తో ఓడిపోయాం. అప్పుడు మా గట్టు మీది నుంచే ఒక గొంతు వాడి జాతి పేరు పెట్టి, ఇక్కడ రాయలేని ఒక మాట కలిపి తిట్టింది. కొంతమంది నవ్వారు.

ఆ పిల్లవాడు కోయనా, లంబాడానా అన్నది మేం చెప్పం. చెబితే ఈ పుస్తకం చదివేవాళ్లలో సగం మంది ఒక పక్కకు, సగం మంది ఇంకో పక్కకు జరుగుతారు. 2017 నుంచి ఎస్టీ జాబితా విషయంలో మన మధ్య ఏం నడుస్తున్నదో అందరికీ తెలుసు. ఆ విషయంలో మా ముగ్గురికే ఒక అభిప్రాయం లేదు. మాలో మేమే గట్టిగా వాదించుకున్నాం, ఇంకా వాదించుకుంటాం. అది హక్కుల వాదన, చట్టం ముందు, సర్కారు ముందు తేలాల్సిన వాదన. కానీ జారిన బంతికి దానితో ఏం సంబంధం? డెబ్బై నిమిషాలు మనోడుగా ఉన్నవాడు, ఒక్క నిమిషంలో వాడి జాతికి అప్పజెప్పబడ్డాడు.

ఇది మన దగ్గర మాత్రమే జరిగేది కాదు. టోక్యో ఒలింపిక్స్‌లో 2021 ఆగస్టులో భారత మహిళల హాకీ జట్టు సెమీఫైనల్ ఓడిపోగానే, వందనా కటారియా ఇంటి ముందు కొందరు చేరి కులం పేరుతో తిట్టారు. అంతకు కొద్ది రోజుల ముందే దక్షిణాఫ్రికా మీద ఆమె మూడు గోల్స్ కొట్టింది. అప్పుడు ఆమె దేశపు బిడ్డ. అదే ఏడాది జూలైలో యూరో ఫైనల్లో పెనాల్టీలు తప్పిన ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లను ఇంగ్లండ్‌లో వాళ్ల అభిమానులే రంగు పేరుతో తిట్టారు. గెలిస్తే ఇంగ్లండ్ వాడు, ఓడితే నల్లవాడు.

1976లో రాబర్ట్ చాల్డీనీ, ఆయన తోటి పరిశోధకులు అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఒకటి గమనించారు. తమ జట్టు గెలిచిన తర్వాతి సోమవారం విద్యార్థులు కాలేజీ పేరున్న బట్టలు ఎక్కువగా వేసుకొస్తున్నారు. ఆట గురించి అడిగితే గెలిచినప్పుడు 'మేం గెలిచాం' అనడం ఎక్కువ, ఓడినప్పుడు 'వాళ్లు ఓడారు' అనడం ఎక్కువ. మన గట్టు మీద జరిగింది ఇదే. తేడా ఒక్కటే. వాళ్లు ఓటమిని జట్టు మీదికి నెట్టారు, మనం ఒక పిల్లవాడి పుట్టుక మీదికి నెట్టాం.

మన తెలుగులో ఒక సొగసుంది. 'మేం' వేరు, 'మనం' వేరు. 'మేం' అంటే వింటున్న నువ్వు అందులో లేవు. 'మనం' అంటే నువ్వూ ఉన్నావు. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట. గోల్ ఆపినప్పుడు ఆ పిల్లవాణ్ణి 'మనం'లోకి లాక్కున్నాం. గోల్ పడగానే 'మేం' వెనక్కి జరిగి వాణ్ణి బయట నిలబెట్టాం. అందువల్ల మాకు తోచిన కొలత ఇది. ఒకడు ఒక జట్టువాడా కాదా అన్నది కప్పు ఎత్తిన రోజు తెలియదు. ఓడిన రోజు వాడి నోట 'మనం' వస్తుందా, 'వాళ్లు' వస్తుందా అన్నప్పుడు తెలుస్తుంది.

గెలిచినవాళ్లను మనోళ్లనడం సులువు. నిజామాబాద్ జిల్లా బంజారా బిడ్డ గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడింది. 2022లో క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు ఆడి 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైంది. ఇప్పుడు ప్రతి తండా 'మన సౌమ్య' అంటుంది. అనాలి. మేమూ అంటాం. కానీ ఈ రోజు మన తండాలో నిక్కరు వేసుకుని గ్రౌండుకు వచ్చే ఏడో తరగతి ఆడపిల్లను చూసి ఏమంటున్నాం? ఆ పిల్ల ఇంకా ఏమీ గెలవలేదు. 'మన' అనే మాట ఆ పిల్లకు ఇప్పుడు కావాలి. పతకం వచ్చాక ఆ మాట చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టు నాయకుడిగా పోయిన జైపాల్ సింగ్ ముండా, ఆ తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున నిలబడి మాట్లాడాడు. ఆట ఆయనకు పేరిచ్చింది. ఆ పేరును ఆయన ఎవరికోసం ఖర్చుపెట్టాడన్నది మనం చూడాలి.

మరి ఆ గోల్‌కీపర్ సంగతి? మరుసటి రోజు గ్రౌండుకు రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. మేం పోయి పిలుద్దామా అని ఆలోచిస్తుండగానే, జట్టులోని ముగ్గురు పిల్లలు వాడి ఇంటికి పోయి వచ్చారు. ఏం మాట్లాడుకున్నారో తర్వాత వాళ్లే చెప్పారు.

"ఆ మాట అన్నోడు గూడ వస్తున్నడా?" అని వాడు అడిగాడట.

"వస్తున్నడు. ఆడు గూడ మనోడే. అందుకే మేమే అడుగుతం ఆడిని."

ఆ జవాబు మీద మేం చాలాసేపు ఆలోచించాం. మనోడు తప్పు చేస్తే కప్పిపుచ్చడమే అభిమానం అని చాలామంది అనుకుంటారు. ఫౌల్ చేసినా 'మనోడు చేయలేదు' అనడం. ఈ పిల్లలు ఇంకో మాట చెప్పారు. పరాయివాడు తప్పు చేస్తే ఊరుకోవచ్చు, మనోడు చేస్తే ఊరుకోలేం. వాడి తప్పులో మనకు వాటా ఉంది గనుక. ఆ రోజు నవ్వినవాళ్లకూ వాటా ఉంది. నవ్వు విని, ఆ క్షణాన లేచి మాట్లాడని మాకూ ఉంది. ఆ సంగతి ఇక్కడ రాయకుండా ఉండలేం.

నాలుగో రోజు గోల్‌కీపర్ వచ్చాడు. తిట్టినవాడు కూడా వచ్చాడు. పిల్లలు వాణ్ణి అడిగారు, అందరి ముందే అడిగారు. వాడు తల దించుకుని "నోరు జారింది" అన్నాడు. అది క్షమాపణో కాదో మాకు తెలియదు. వాడి మనసు మారిందని రాయడానికి మా దగ్గర ఆధారం లేదు. ఆ సాయంత్రం గోల్ వెనక నిలబడి, బయటికి పోయిన బంతులన్నీ వాడే పరుగెత్తి తెచ్చి కీపర్ చేతికి ఇచ్చాడు.

అర్జెంటీనా అంగీ పిల్లవాడు గ్రౌండు గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. ఏ టీమురా నీది అని ఈసారి మేం అడగలేదు. చాక్‌పొడి డబ్బా వాడి చేతికిచ్చి, వానకు చెరిగిపోయిన గీతలు మళ్లీ గీయమన్నాం.